స్వామి పేరు మీద వేసిన తాళం

మా ఇంటి మేడ మీద అప్పాల మూకుడంత డిష్షు ఒకటి ఉంది. తిరుత్తణి వైపు బోడిగుట్ట మీద నిలబెట్టిన టవరును అది రెప్పవేయకుండా చూస్తూ ఉంటుంది. అంత ఏకాగ్రతతో నేను స్వామినైనా చూసి ఎరగను. ఆ డిష్షు పుణ్యమా అని మా ఇంట్లో ఒక మనిషికి దొంగ అన్న పేరు వచ్చింది. ఆమె మా ఇంటి చిన్నకోడలు, నా తోడికోడలు. విజయదశమి వెళ్ళిన మరునాడు ఆమెను తిరువళ్ళూరులోని పుట్టింటికి పంపేద్దామని మామగారు తీర్మానించారు. "కొన్నాళ్ళు" అన్నారు. మా వైపు ఆ మాటకు అర్థం ఎన్నాళ్ళో అందరికీ తెలుసు.

మాది పట్టుచీరలు నేసే ఇల్లు. ముందు గదిలో రెండు మగ్గాలు. ఒకటి మామగారిది, ఒకటి మా ఆయనది. వెనక గదిలోది నాది. నేను బడికి పోయినదాన్ని కాదు. చిన్నప్పుడు కాలికి జబ్బు చేసి నడవలేకపోతే, తాత నన్ను మగ్గం పక్కన కూర్చోబెట్టుకుని, అంచు బొమ్మ నేయడానికి చిల్లులు కొట్టి మగ్గానికి తగిలించే జకార్డు అట్టలు చిరిగిపోతే, వాటి వెనక అక్షరాలు రాసి నేర్పాడు. తెలుగు అట్లా వచ్చింది. అరవం వీధిలో వచ్చింది. ఇంగ్లీషు మందుసీసాల మీద, సామాన్ల పెట్టెల మీద చూసి చూసి కూడబలుక్కున్నాను. ఆ కాలే బాగుపడి ఇప్పుడు మగ్గం తొక్కుతోంది. ఇన్ని ఇచ్చిన స్వామికి రోజూ దండం పెడతాను. పెద్ద చదువులు చదివినవాళ్ళు పెట్టె మీద రాసి ఉన్నది చదవరన్న సంగతి మాత్రం నాకు ఆలస్యంగా తెలిసింది.

మా వీధికి తీగ ఇంటర్నెట్టు రాలేదు. రైలు పట్టాలు దాటించి తీగ లాగాలంటే ఏదో అనుమతి కావాలట. అది ఏ బల్ల మీద నిద్రపోతోందో మరి. అంతకుముందు బొటనవేలంత డాంగిలు ఒకటి ఉండేది. దాన్ని కిటికీ ఊచకు పట్టుదారంతో వేలాడగట్టి, ఇటు తిప్పి అటు తిప్పి, మా చీరలు కొనే కంచి షావుకారుకు ఒక అంచు బొమ్మ పంపేలోపల నా చేతిలో కండెకు చుట్టిన దారం అయిపోయేది. కాబట్టి మైళ్ళ దూరం నుంచి గాలిలోనే వచ్చే కొత్తరకం ఇంటర్నెట్టు అని కంపెనీవాళ్ళు వచ్చినప్పుడు వీధి వీధంతా మురిసిపోయింది. ఎదురెళ్ళి హారతి ఇవ్వడం ఒక్కటే తక్కువ.

వచ్చిన ఇంజనీరు బూట్లు విప్పకుండా గడప దాటాడు. తల ఫోనులో పెట్టుకుని నడుస్తూ మగ్గం గుంతలో పడబోయి, మా ఆయన బిగించిన పడుగును పట్టుకుని ఆగాడు. తెగిన దారాలు అతికించడానికి మా ఆయనకు ఒక పూట పట్టింది. మైళ్ళ దూరాన ఉన్న టవరు కనిపించే మనిషికి కాళ్ళ కిందున్న గుంత కనిపించదని నాకు అప్పుడే ఒక అంచనా వచ్చింది.

"తంబీ, ఇది గాలిలో వస్తాది గదా. గాలికి తాళం ఎట్ల ఏస్తారు?" అని అడిగాను.

ఇంజనీరు నవ్వాడు. "ఇది మిలిటరీ లెవలు సెక్యూరిటీమా. మీరు టెన్షను పడొద్దండి. మీరు పూజ చూసుకోండి, చాలు."

"పూజ చూసుకుంటాలే. తాళంచెవి యాడ ఉంటాది అని అడిగినా."

"పాస్‌వర్డు అని ఒకటి ఉంటాదిమా. ఏదైనా పేరు చెప్పండి, పెట్టేస్తాను."

నేను నోరు తెరిచేలోపలే మామగారు మగ్గం మీదనుంచి చెప్పేశారు. "స్వామి పేరు పెట్టు. ఆ పేరు దాటొచ్చి దొంగతనం చేసే మొగోడు ఈ చుట్టుపక్కల యాడా లేడు."

బయటివాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. మా వీధిలో పట్టు నూలు పెట్టిన గదికి తాళం వేయరు. తలుపు గొళ్ళానికి పసుపు దారం చుట్టి, స్వామిని తలచుకుని మూడు ముళ్ళు వేస్తారు. ఆ ముడి విప్పి లోపలికి పోయినవాడి మగ్గం మీద ఇక పడుగు నిలవదని నమ్మకం. నాకు తెలిసి ఒక్క ముడీ తెగలేదు. తాళం మనిషిని అనుమానిస్తుంది, ముడి మనిషిని నమ్ముతుంది అంటారు మామగారు. ఆయన పాస్‌వర్డును కూడా ముడి అనుకున్నారు. అది దాచుకోవలసిన మాట అని ఆయనకు తోచనే లేదు. నలుగురికీ తెలిస్తేనే కదా నలుగురూ భయపడేది!

ఇంజనీరుకు ఇది మహా సులువుగా కుదిరింది. నిచ్చెన మీద నిలబడి, పక్క మేడ మీదున్న తన జతగాడికి స్వామి పేరూ దాని చివర ఒకటి రెండు మూడూ అక్షరం అక్షరం అరిచి చెప్పాడు. వాళ్ళింటికీ అదే పెట్టారు. సాయంత్రానికి వీధి మొత్తానికి అదే పాస్‌వర్డు. పక్కింటి కొబ్బరిమట్ట డిష్షుకు అడ్డం వస్తోందని మాత్రం ఎంతో శ్రద్ధగా నరికించాడు. మిలిటరీ కాపలా అంతటితో ముగిసింది.

మా మరిది అత్తిపట్టు కరెంటు కేంద్రంలో ఉద్యోగం చేస్తాడు, వారానికొకసారి ఇంటికొస్తాడు. డిష్షు తీగ ఇంట్లోకి దిగి చేరే కొత్త పెట్టెకు అతను తోకలాగా ఒక హార్డ్‌డిస్కు తగిలించాడు. మేము దాన్ని డబ్బా అంటాం. అంచుల బొమ్మలన్నీ అందులోనే ఉంటాయి. కంప్యూటరులో గానీ ఫోనులో గానీ ఇంట్లో ఎవరు ఏ బొమ్మ తెరిచినా డబ్బాలో చక్రం తిరుగుతుంది, ముందున్న నీలిదీపం వణుకుతుంది. తెరిచేవాళ్ళు లేకపోతే ఊరుకుంటుంది. చూడడానికి ముచ్చటగా ఉండేది. గాలిలో బొమ్మలు రావడం పోవడం చూసి నేనూ స్వామికి కృతజ్ఞతగా ఒక కొబ్బరికాయ కొట్టాను. ఆ కాయ ఇప్పుడు తిరిగి అడిగితే బాగుండదు.

బొమ్మలు గీసేది మా చిన్నకోడలు. తిరువళ్ళూరు నుంచి రైల్లో మా ఇంటికి వస్తూ పోతూ, తిరువాలంగాడు స్టేషను దగ్గర పట్టాలు విడిపోవడం, మళ్ళీ కలవడం చూసిందట. దాన్ని అంచు చేసింది. రెండు జరీ గీతలు నడుస్తూ నడుస్తూ విడిపోతాయి, మధ్యలో సిగ్నలు దీపంలా ఒక ఎర్రచుక్క, మళ్ళీ గీతలు కలుస్తాయి. నేను పుట్టి బుద్ధెరిగి అట్లాంటి అంచు చూడలేదు. నెమళ్ళూ హంసలూ చూసి చూసి విసిగిన కంచి షావుకారు కూడా వెంటనే ఒప్పుకున్నాడు. మొదటి చీర మా ఆయన మగ్గం మీద ఎక్కింది.

అది సగం కూడా దిగలేదు. మా ఆయన ఏదో పని మీద తిరువళ్ళూరు పోయి, బజారులో ఒక కొట్టు ముందు అదే అంచు వేలాడుతుంటే చూశాడు. పవర్లూము మీద నేసినది, పట్టు కాదు, పట్టులాగా మెరిసేది. కొని తెచ్చి మామగారి ముందు పరిచాడు. మామగారు చూపుడువేలు అంచు వెంట నడిపించుకుంటూ పోయి ఒకచోట ఆగారు. అక్కడ ఎర్రచుక్క పక్కన ఇంకొక చుక్క ఉంది.

ఆ రెండో చుక్క తప్పు. మా చిన్నకోడలు మొదట గీసిన బొమ్మలో పొరపాటున పడింది. షావుకారుకు పంపేముందే, జకార్డు అట్టలు కొట్టేముందే తీసేసింది, ఆ మొదటి బొమ్మ మాత్రం డబ్బాలో ఉండిపోయింది. మా చీరలో అది లేదు. అంటే ఎవరో మా చీరను చూసి కాపీ కొట్టలేదు, నేరుగా బొమ్మనే ఎత్తుకుపోయారు.

"ఈ సుక్క చీరలో లేదు, బొమ్మలో ఉండాది," అన్నారు మామగారు. "బొమ్మ ఎవురి చేతిలో ఉండాది? నీ చేతిలో. నీ అన్నల ఇంట్లో ఏముండాది? పవర్లూము. ఇంగ నేనేం చెప్పాల్నా?"

"బొమ్మ డబ్బాలో ఉండాది మామా. ఇంట్లో అందురూ తెరిచేదే గదా అది."

"డబ్బా కాళ్ళొచ్చి నడిచి తిరువళ్ళూరు పోయిందామ్మే?"

ఆమె మామగారి వంక, తర్వాత మొగుడి వంక చూసింది. ఆ వారం సెలవు పెట్టి మా మరిది ఇంట్లోనే ఉన్నాడు. ఊళ్ళకు ఊళ్ళు వెలిగించే కరెంటు పుట్టేచోట పనిచేసే మనిషి, ఇంట్లో మాత్రం దీపం పురుగంత వెలుగు చూపలేకపోయాడు. చొక్కా గుండీ తిప్పుకుంటూ నిలబడ్డాడు.

నేనూ మాట్లాడలేదు. అందరినీ ఎగతాళి చేస్తున్నాను గనక ఇది కూడా రాయాలి. నాకూ అనుమానం వచ్చింది. అంతకు నాలుగు రోజుల ముందు ఆమె తలుపు మూసుకుని అన్నతో ఫోనులో మాట్లాడడం చూశాను. ఆ మూసిన తలుపు నా మనసులో పెద్దదవుతూ పోయింది. మగ్గాల మోతలో ఫోను మాట్లాడాలంటే మా ఇంట్లో ఎవరైనా తలుపు మూయాల్సిందే. నేనూ మూస్తాను. రోజుకు రెండుపూటలా దేవుడి ముందు కూర్చునే నాకు ఇంత చిన్న సంగతి తట్టలేదు. ఆ కూర్చోవడానికి ఏం విలువ కట్టాలో స్వామే చెప్పాలి.

ఆమె ఏడవలేదు. బట్టలు ఒక గళ్ళ సంచిలో సర్దుకుని గది గుమ్మం పక్కన పెట్టింది. ఎవరూ అడగకముందే సర్దడం చూసి అత్తగారు నా చెవిలో, "తప్పు చేసినోళ్ళు ఇట్ల సర్దుకుంటారా?" అన్నారు. "సర్దుకోకపోతే ఏమంటారత్తా?" అన్నాను. "అప్పుడు ఎంత పొగరో చూడు అంటాము," అన్నారామె, ఏమాత్రం సిగ్గుపడకుండా. "నోరుండాది గదా, ఏదో ఒకటి అంటాది."

ఇది ఇట్లా ఉండగా ఆయుధ పూజ వచ్చింది.

ఆ రోజు మా ఇళ్ళల్లో ఏ పనిముట్టునూ ముట్టకూడదు. మగ్గాలు కడిగి, విభూతి పట్టెలు వేసి, చందనం, కుంకుమ పెడతాం. పడుగులో అటూ ఇటూ దారం మోసే నాడెలు, కండెలు, కత్తెర్లు, నా తెలుగు పుస్తకాలు అన్నీ దేవుడి ముందుకు చేరతాయి. కంప్యూటరూ ఫోన్లూ కూడా పనిముట్లేనని అత్తగారు తీర్పు చెప్పారు. మరిది గొణిగాడు గానీ, అందరి ఫోన్లూ ఆర్పి, వరసగా ఇత్తడి పళ్ళెంలో పెట్టించారు. ఒక్కొక్క ఫోను నుదుట ఒక్కొక్క బొట్టు. పెట్టెకూ డబ్బాకూ నేనే చందనం రాశాను.

"పెట్టె కూడా ఆర్పేయనా అత్తా?" అని అడిగాను.

అత్తగారు దాని మీద మిణుకుమిణుకుమంటున్న పచ్చదీపాలను చూశారు. "దేవుడి ముందర ఎలిగే దీపాన్ని చేత్తో ఆర్పుతారామ్మే? ఉండనీ. వాని మానాన వాడు ఎలగతాడు."

ఆ ఒక్క మాటకు అత్తగారికి నేను ఈ జన్మంతా రుణపడి ఉన్నాను. ఆమెకు ఇంటర్నెట్టు అంటే ఏమిటో ఈనాటికీ తెలియదు. తెలిసిన ఇంజనీరు చేయనిది తెలియని ఆమె చేసింది.

హారతి అయింది. బొరుగులూ శనగలూ పంచాం. మగవాళ్ళు వసారాలో చేరారు. నా తోడికోడలు గుమ్మం దగ్గర కూర్చుని, దిష్టి తీసి కొట్టడానికి బూడిద గుమ్మడికాయకు కుంకుమ పూస్తోంది. పుస్తకాలు పూజలో ఉన్నాయి గనక నేను కళ్ళు మూసుకుని నోటికొచ్చిన స్తోత్రం చదువుకుంటున్నాను. మూడు మగ్గాలు ఆగితే మా ఇల్లు వేరే ఎవరి ఇల్లో అయిపోతుంది. గోడ మీద బల్లి కదిలినా వినిపిస్తుంది. సంవత్సరంలో అంత నిశ్శబ్దం మాకు మళ్ళీ దొరకదు.

ఆ నిశ్శబ్దంలో ఏదో గురక పెట్టింది.

మొదట పిల్లి అనుకున్నాను. కాసేపటికి ఆగింది. మళ్ళీ మొదలైంది. కళ్ళు తెరిస్తే, చందనం బొట్టు కింద డబ్బా నీలిదీపం వణుకుతోంది. లోపల చక్రం తిరుగుతోంది. మగ్గాల చప్పుడులో ఇన్నాళ్ళూ ఎవరికీ వినపడని సన్నని గుర్రుమనే చప్పుడు. నా నోట్లో స్తోత్రం సగంలో ఆగిపోయింది. దానికి స్వామి కోపగించుకోలేదనే నమ్మకం.

"అత్తా, ఎవురైనా ఫోను తీసినారా?"

"అందురి ఫోన్లూ ఈడనే పండుకోనుండాయి. కండ్లు లేవా నీకు?"

ఉన్నాయి. ఫోను లేని అత్తగారు పోగా మా ఐదుగురివీ ఐదు ఫోన్లు, ఐదు బొట్లు, ఒక్క బొట్టూ చెదరలేదు. కంప్యూటరు మీద చామంతి దండ వేసినది వేసినట్టే ఉంది. "మరి డబ్బా ఎవురికోసరం తిరగతా ఉండాది?" అన్నాను.

నా గొంతు విని అందరూ వచ్చారు. మామగారు వంగి చూసి పెదవి విరిచారు. "కరెంటు వస్తువు. సుమ్మా, ఊరికెనే తిరగతా ఉంటాది. ఫ్యాను తిరగడంలే?"

"ఫ్యాను ఎవురో ఏస్తేనే గదా మామా తిరిగేది," అన్నాను.

అప్పుడు మా మరిది నోరు తెరిచాడు. తాళం వేసింది ఆ నోటికి ఒక్కదానికే అనుకుంటున్న సమయంలో తెరిచాడు. "లేదు నాయనా. ఎవురైనా బొమ్మ తెరిస్తేనే అది తిరగతాది. మనము ఎవురూ తెరవలేదు. బయటోడు ఎవుడో తెరస్తా ఉండాడు."

"బయటోడు ఎట్ల వస్తాడ్రా? తలుపు మూసుండాది."

"తలుపులో రాడు నాయనా. మేడమీద నించి వస్తాడు."

మామగారు పైకప్పు వైపు చూశారు, అక్కడ ఎవరైనా కూర్చున్నారేమో అన్నట్టు.

దీపం ఆర్పకూడదు గానీ, డిష్షు నుంచి వచ్చే తీగ ఊడదీయకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు. పట్టుకుని లాగాను. పెట్టె వెలుగుతూనే ఉంది, డిష్షుతో లంకె తెగిపోయింది. ఒక అరటిపండు ఒలుచుకుని తినేంతసేపు అందరం డబ్బాను చూస్తూ నిలబడ్డాం. అది ఒక నిట్టూర్పు విడిచి ఆగింది. తీగ మళ్ళీ పెట్టాను. కాసేపు ఏమీ లేదు. మామగారు "చూసినావా?" అనబోయారు. అంతలో గుర్రుమని మొదలైంది. మళ్ళీ తీశాను, ఆగింది. మళ్ళీ పెట్టాను, తిరిగింది. మూడు ముళ్ళు వేసే ఇంట్లో మూడుసార్లు చూపిస్తే తప్ప నమ్మరు గనక మూడోసారీ చేసి చూపించాను.

"అయ్యో, స్వామి పేరు మీదనే లోపలికొస్తా ఉండారే!" అన్నారు అత్తగారు, గుండె మీద చెయ్యి పెట్టుకుని.

నా తోడికోడలు గుమ్మడికాయ కింద పెట్టి లేచింది. అరచేతులు ఎర్రగా ఉన్నాయి. గొంతు మాత్రం మామూలుగానే ఉంది. "మామా, నేను మీ ముందరనే ఉండాను. నా ఫోను పళ్ళెంలో బొట్టు పెట్టుకోనుండాది. ఇప్పుడు ఎవురిని పుట్టింటికి పంపిస్తారు? టవరునా?"

మామగారు మెట్లవైపు నడిచారు. మేడ ఎక్కి, డిష్షు ముందు నిలబడి, అది చూసేవైపే కాసేపు చూశారు. దిగివచ్చి, "అన్నం పెట్టండి," అన్నారు. అంతే. దొంగ అన్న మాట ఇంటి నడుమ నిలబడి, వీధికి వినపడేలాగా అన్న మనిషి, కాదన్న మాటను అన్నంలో కలుపుకుని మింగేశారు.

పండగ సెలవులు అయినాక ఇంజనీరు వచ్చాడు. ఆయన పనిముట్ల సంచికి కూడా కుంకుమ బొట్టు ఉంది. పోనీలే, ఆ మాత్రం ఉందనుకున్నాను. ఈసారి బూట్లు విప్పాడు. పెట్టెకు తన ల్యాప్‌టాపు తగిలించి, గడ్డం గోక్కుంటూ చూశాడు. మా డబ్బాను తెరుస్తున్నది ఎవరో చెప్పలేనన్నాడు. ఆ టవరుకు వేలాడే ఇళ్ళల్లో ఏదో ఒక ఇల్లు అన్నాడు.

ఆయన అరగంట చెప్పినదాన్ని నేను మా భాషలోకి మార్చుకుంటే ఇంతే. ఆ టవరు కింద ఉన్న ఇళ్ళన్నిటినీ కంపెనీ ఒకే గదిలో పడేసింది, మధ్యలో గోడలు కట్టలేదు. కట్టడానికి వీలుంది, కట్టలేదు. ఒకే పడుగు మీద ఊరంతా నేస్తున్నట్టు. ఇక పెట్టెలకన్నిటికీ ఒకటే తాళంచెవి; అట్లా పెట్టవద్దని పెట్టె అడుగునే ఇంగ్లీషులో రాసి ఉంది. ఆ చెవి ఏమిటో మేడల మీద అరిచి చెప్పింది ఆయనే. తనకు నచ్చిన ఇంట్లోకి నచ్చినప్పుడు పోయి, నచ్చిన బొమ్మ ఎత్తుకోవడానికి దొంగకు లేచి నిలబడే శ్రమ కూడా లేదు.

"పాస్‌వర్డు రొంబ వీకుమా," అన్నాడాయన, తప్పు దొరికిన సంతోషంతో. "సామి పేరు పెడతారా ఎవురైనా?"

మామగారు మగ్గం మీదనుంచి దిగారు. "నువ్వే గదరా నిచ్చెనెక్కి నామం చదివినావు! గుళ్ళో అయ్యరు కూడా అంత గట్టిగా చదవడు!"

"అది... కస్టమరు కన్వీనియెన్సు సార్."

"దొంగ కూడా మీ కస్టమరేనా తంబీ?" అన్నాను.

ఆయన నన్ను విననట్టు రంగు కాగితం ఒకటి తీశాడు. ఈ పాత రకం గాలి ఇంటర్నెట్టులో ఇట్లాంటి లొసుగులు మామూలేనట. కొత్త రకం వచ్చిందట, తెల్ల పెట్టె. అందులో ఏ ఇంటికి ఆ ఇల్లే వేరుగా ఉంటుందట. టవరు మన పెట్టెను గుర్తుపట్టడమే కాదు, అది నిజం టవరేనా అని మన పెట్టె కూడా అడుగుతుందట. తాళంచెవులు వాటంతట అవే మారిపోతుంటాయట. వినడానికి బాగుంది. ఈ పాత పెట్టె కొత్తగా ఉన్నరోజు దీనికి మిలిటరీ కాపలా ఉందన్న నోరే ఇది. తెల్ల పెట్టె పాతదయ్యే రోజు ఇంకో రంగు కాగితంతో వస్తాడు. అంతవరకూ అందులో లొసుగు లేదని మనం నమ్మాలి, వచ్చాక ఉండేదని నమ్మాలి. మా పసుపు దారాన్ని మూఢనమ్మకం అనేవాళ్ళు ఈ నమ్మకాన్ని ఏమంటారో!

తెల్ల పెట్టె పెట్టించుకున్నాం. ఏం చేస్తాం, తీగ ఇంకా పట్టాలకు అవతలే ఉంది. పోయిన అంచు మాత్రం తిరిగిరాలేదు. రెండో చుక్కతో సహా ఇవాళ్టికీ బజారులో వేలాడుతోంది. కంచి షావుకారు, "బజారులో దొరికేది నాకెందుకు?" అని పట్టాల చీర వద్దన్నాడు. మగ్గం మీదున్న ఆ ఒక్క చీరా మా ఆయన పూర్తిచేసి నాకు ఇచ్చాడు. నేను దాన్ని నా తోడికోడలికి ఇచ్చాను. మూసిన తలుపు సంగతి కూడా చెప్పి, తప్పయిందన్నాను. ఆమె నవ్వింది. "ఆ రోజు మా అన్నకూతురికి జొరమక్కా. నువ్వు తలుపు తట్టి అడిగుంటే చెప్పేదాన్ని గదా." పెద్ద శిక్ష వేసినా ఇంత గట్టిగా తగిలేది కాదు.

కొత్త పెట్టెకు పాస్‌వర్డు పెట్టే రోజు మామగారు అలవాటుగా, "స్వామి పేరే..." అన్నారు.

"వద్దు మామా," అంది చిన్నకోడలు. "స్వామికి శానా పనులుండాయి. ఈ వాచ్‌మెను ఉద్యోగం ఆయనకెందుకు?" అంటూ ఆమే ఏదో కొట్టింది. డబ్బాకు వేరుగా ఇంకొకటి కొట్టింది. అవి ఏమిటో మొగుడికీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు.

ఇప్పుడు మామగారికి ఏ పాత అంచు బొమ్మ చూడాలన్నా ఆమె గది గుమ్మం దగ్గరికి పోయి నిలబడాలి. "ఆ పక్క తిరగండి మామా," అంటుందామె. ఆయన గోడవైపు తిరిగి, చేతులు కట్టుకుని నిలబడతారు. ఆమె అక్షరాలు కొట్టడం అయినాక, "ఊఁ" అంటే ఇటు తిరుగుతారు. గర్భగుడి తెర తీసేదాకా నిలబడినట్టు ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు అత్తగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు.

గళ్ళ సంచి మాత్రం గుమ్మం పక్కనే ఉంది. ఒక నెల దాటింది. ఆమె అందులోంచే చీర తీసుకుని కట్టుకునేది, ఉతికినది అందులోనే పెట్టేది. "ఇంకా ఎన్నాళ్ళే?" అని అడిగితే, "పొమ్మన్నోళ్ళు ఉండమని చెప్పలేదు గదక్కా," అంది.

ఒకరోజు మామగారు గోడవైపు తిరిగి నిలబడ్డారు. ఆమె కొట్టడం అయిపోయింది, "ఊఁ" అంది. ఆయన తిరగలేదు. గోడతోనే మాట్లాడారు.

"ఆ సంచి... దోవకు అడ్డం ఉండాది. కాలికి తగలతా ఉండాది. తీసి అటకమీద పెట్టెయ్."

మా మామగారి నోటినుంచి ఇంతకు మించి క్షమాపణ రాదు. టవరు ఎంత ఎత్తుగా కట్టినా ఆ సిగ్నలు అంతకంటే దూరం రాదు. నేను వెనక గదిలో మగ్గం ఆపి విన్నాను. తర్వాత సంచి జిప్పు తెరిచిన చప్పుడు, ఒక్కొక్క చీరా బీరువాలోకి పోతున్న చప్పుడు వినిపించాయి. ఖాళీ సంచిని మామగారే అందుకుని, స్టూలెక్కి, అటకమీద పెట్టారు.

నేను స్వామికి ఒక దండం పెట్టుకుని, మళ్ళీ నాడె విసిరాను.